సొగసు గంట

ఉదయం. ముసురు. గాలి లేదు గాని ఏరు ఎర్రగా, నిండుగా పోతోంది.

ఏ రాజ్యమో చెప్పను. ఆ రాజుగారి వంశం వాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళకు నవ్వు తక్కువ. ఏటి ఒడ్డున ఒకానొక రాజ్యం అనుకోండి, చాలు. ఆ రేవులో పడవలు కట్టే ఇల్లు మాది.

మా ఇంట్లో ఏటికి పోయేవాళ్ళు ముగ్గురు. మా ఆయన, పెద్దాడు సన్యాసి, చిన్నాడు నూకయ్య. మా అన్న ఆ ఏట్లోనే పోయాడు. ఆ రోజు ముగ్గురు వెళ్ళారు, ఇద్దరు వచ్చారు. అప్పటినుంచి సాయంత్రం రేవులో నిలబడి తలలు లెక్కపెట్టుకోవడం నా అలవాటు. లెక్క సరిపోయాకే పొయ్యి వెలిగిస్తాను.

రాజు సురుచిరవర్మగారు చెడ్డవాడు కాదు. ఆయనకున్న జబ్బు ఒకటే, సొగసు. మాటకు సొగసుండాలి. వస్తువుకు సొగసుండాలి. సొగసంటే ఏమిటో తేల్చడానికి ఆస్థానంలో శబ్దశేఖరశాస్త్రిగారు ఉన్నారు. ఆయన చేతిలో చిన్న వెండి గంట. కొలువులో ఎవరు నోరు తెరిచినా ముందు ఏలినవారికి ఎనిమిది బిరుదులు చెప్పాలి. ఆ తర్వాతే విషయం, అదీ సమాసాల్లో. సొగసు తప్పితే గంట మోగుతుంది. మూడుసార్లు మోగితే భటులు రెక్క పట్టుకుని బయటికి తోస్తారు.

కోట వెనక గడ్డివాము అంటుకుందని చెప్పడానికి ఒక కాపలావాడు పరుగెత్తుకెళ్ళాడు. ఐదో బిరుదు దగ్గర ఉండగా వాము కాలిపోయింది. అతను ఆగకుండా ఎనిమిదీ పూర్తి చేశాడు. రాజుగారు మెచ్చుకుని శాలువా కప్పారు.

ఆ ఏడు రాజుగారి మనసు హంసనావ మీదికి పోయింది. శాస్త్రిగారు బొమ్మ గీసిచ్చారు. మెడ ఆరు మూరలు, గట్టి టేకుతో. ముక్కుకు ఇత్తడి రేకు. అడుగు మాత్రం మరీ సన్నం.

"అడుగు ఇంత సన్నమైతే ఎలా స్వామీ?" అన్నాడు మా ఆయన.

"కావ్యంలో నాయికకు నడుమే ఉండదు. నావకెందుకోయ్?" అన్నారు శాస్త్రిగారు.

మా ఆయన చెక్కాడు. అబద్ధమెందుకు, అందంగానే ఉంది. పూర్తయిన రోజు పొయ్యి మీద కూర మాడిపోతున్నా చూస్తూ నిలబడ్డాను. ఆ మెడ వంపు, ఎవరో పిలిస్తే అప్పుడే వెనక్కి తిరిగినట్టుంది.

కానీ పాతికేళ్ళు పడవలు కట్టేవాడితో కాపురం చేశాను.

"ఇది తిరగబడుతుంది" అన్నాను.

"తెలుసు."

"చెప్పు మరి."

"చెప్పడానికే పోతున్నా."

పోయాడు. "దొరా, పడవ..." అన్నాడు. గంట. నావ అనాలట. "నావకు తలబరువు..." గంట. బిరుదులేవీ? బిరుదులు మొదలుపెట్టాడు. రెండోదాని దగ్గర నాలుక మడతపడింది. గంట. ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

"ఏమన్నారు?"

"ఎల్లుండే ప్రారంభమట. నడి ఏట్లో మూడు చుట్లు తిప్పాలట. చుక్కాని నాది. తెడ్లు మన పిల్లలవి."

"రాజుగారు?"

"ఒడ్డున పందిట్లో కూచుని చూస్తారట. శాస్త్రిగారు దండకం చదువుతారట."

"రామని చెప్పెయ్."

"రాకపోతే చెరసాల. అది మాత్రం సమాసం లేకుండానే చెప్పారు."



ఆ ఎల్లుండే ఈ ముసురు ఉదయం. రేవునిండా జనం. పందిరి, సన్నాయి, తాటాకు గొడుగులు. హంసనావ రేవు పక్క మడుగులో, మోకుతో గుంజకు కట్టి ఉంది. మడుగు రొమ్ములోతే. అడుగున బురద. అది దాటితే ఏరు.

పిల్లలిద్దరికీ జరీ తలపాగాలు చుట్టారు. నూకయ్య నన్ను చూసి, బాగుందా అన్నట్టు తల అటూ ఇటూ తిప్పాడు.

నేను పందిట్లోకి నడిచాను. రాజుగారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. నోరు తెరవలేదు.

శాస్త్రిగారు గంట ఎత్తి పట్టుకున్నారు. నేను మాట్లాడితే కదా మోగించడానికి. పాపం ఆయన చెయ్యి నొప్పి పుట్టింది.

"ఎవరమ్మా నువ్వు? ఏమిటలా నిలబడ్డావు?" అన్నారు రాజుగారు.

"పడవ కట్టినవాడి పెళ్ళాన్ని, మారాజా. ఎనిమిది బిరుదులు చెప్పాలన్నారు. ఏలినవారిని ఎనిమిదితో సరిపెట్టడానికి నాకు నోరు రాలేదు. అందుకే ఊరుకున్నాను."

రాజుగారి మీసాలు లేచి నిలబడ్డాయి.

"శాస్త్రీ! విన్నావా? ఈ ఏడాదిలో ఇంత సొగసైన మాట వినలేదు! నువ్వు పన్నెండేళ్ళుగా ఎనిమిది దగ్గరే ఆగిపోయావే!"

శాస్త్రిగారు గంట దించారు.

"చెప్పమ్మా. నీకు బిరుదులు మాఫీ."

"మా రేవులో ఒక ఆచారం ఉంది, మారాజా. కొత్త పడవ నడి ఏటికి పోయేముందు దాని సొంతదారు ఎక్కి నిలబడాలి. మడుగులోనే, మోకు విప్పకుండా. కట్టినవాడు మూడుసార్లు ఊపుతాడు. అప్పుడు గాని గంగమ్మ ఒప్పుకోదు."

అది నిజమే. చేపల పడవకైనా చేస్తాం. హంసనావకు మాత్రం, జనం ముందు మోటుగా ఉంటుందని శాస్త్రిగారు చెయ్యనివ్వలేదు.

"దీని సొంతదారు ఎవరు మారాజా?"

"ఎవరేమిటి? మేమే!"

"మరి రూపం..."

"నాది!" అన్నారు శాస్త్రిగారు, నా మాట పూర్తికాకముందే. "ప్రతి వంపూ నాది!"

"అయితే ఇద్దరూ ఎక్కాలి."

మా ఆయన నావంక చూశాడు. నేను అటు చూడలేదు. చూస్తే నవ్వొస్తుందో ఏడుపొస్తుందో నాకే తెలియదు.

రాజుగారు పట్టుబట్టలతో ఎక్కి హంస మెడ పట్టుకు నిలబడ్డారు. శాస్త్రిగారికి ఎక్కడానికి రెండు చేతులూ కావలసి వచ్చాయి.

"ఇది కాస్త పట్టుకోవమ్మా" అని గంట నా చేతికిచ్చారు.

మా ఆయన నీళ్ళలోకి దిగి అంచు మీద చెయ్యి వేశాడు. ఒక్కసారి ఊపాడు. రెండోసారి అవసరం పడలేదు. హంస తల ఒక పక్కకు వాలింది, కునుకు పట్టినట్టు. అటే పోయింది. అడుగు పైకొచ్చింది. నడుం ఎంత సన్నమో అప్పుడు ఊరందరికీ కనిపించింది.

ముందు శాస్త్రిగారు తేలారు. "చచ్చాన్రోయ్!" అన్నారు. పన్నెండేళ్ళలో ఆయన అంత తేలిగ్గా అర్థమవడం అదే మొదలు. మోకు దొరకబుచ్చుకుని వేలాడారు.

రాజుగారు రొమ్ములోతు నీళ్ళలో నిలబడ్డారు. కాళ్ళు బురదలో దిగబడ్డాయి. కిరీటం లేదు, దాని చోట నాచు ఉంది.

"రేయ్! చూస్తారేంట్రా! లాగండ్రా!"

భటులు ఉరికారు. నా కొడుకులూ ఉరికారు.

నేను గంట మోగించాను.

అందరూ ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోయారు. పన్నెండేళ్ళ అలవాటు మరి. సన్నాయివాడు సన్నాయి నోట్లో పెట్టుకునే ఆగిపోయాడు.

"ఏమిటా గంట!" అని అరిచారు రాజుగారు.

"సొగసు తప్పింది, మారాజా. రేయ్ అన్నారు."

ఆయన నావంక చూశారు. శాస్త్రిగారివంక చూశారు. తర్వాత, నమ్మండి, గొంతు సవరించుకున్నారు.

"ఓ తరంగిణీతీరవిహారవిశారదులారా! పంకనిమగ్నుడనైన నన్ను..."

'నన్ను' దగ్గర కాలు ఇంకాస్త దిగింది. గుక్కెడు ఏటినీళ్ళు నోట్లోకి పోయాయి.

"బాగుంది, మారాజా" అన్నాను. "విషయం ఇంకా రాలేదు."

నా చేతిలో గంట దానంతటదే సన్నగా మోగుతోంది. రెండో చేత్తో నొక్కి పట్టుకున్నాను. నన్నేం చేసినా సరే, సూటి మాట ఆయన నోటితోనే వినాలి.

రాజుగారు దగ్గారు. కళ్ళు తుడుచుకున్నారు. చెయ్యి చాచారు.

"అమ్మా. చెయ్యివ్వు."

నేను గంట గట్టు మీద పెట్టి, నీళ్ళలోకి దిగి, చెయ్యిచ్చాను.

ఒడ్డుకొచ్చి రాజుగారు బురదలోనే చతికిలబడ్డారు. భటులు నావంకే చూస్తున్నారు. ఇవాళ్టితో నా పని సరి అనుకున్నాను. ఎలాగూ సరే కదా అని నోటికొచ్చింది అనేశాను.

"ఎంత అందంగా చెప్పారు, మారాజా. రెండే మాటలు. ఒకటి తీసేస్తే చాలదు. ఇంకొకటి కలిపితే మునుగుతారు."

ఆయన భుజాలు కదిలాయి. దగ్గేమో అనుకున్నాను. నవ్వు. నెత్తిమీది నాచు జారి ఒళ్ళో పడేదాకా నవ్వారు.

"ఏమోయ్, ఇది తిరగబడుతుందని నీకు తెలుసా?" అని మా ఆయన్ని అడిగారు.

"తెలుసు దొరా."

"చెప్పలేదేం?"

"చెప్పబోయాను. మూడుసార్లు మోగింది."

రాజుగారి నవ్వు ఆగింది. తల దించుకున్నారు. అప్పుడే గుర్తొచ్చినట్టు, "శాస్త్రి ఏడీ?" అన్నారు.

శాస్త్రిగారు ఇంకా మోకుకే వేలాడుతున్నారు. ఎలా పిలవాలో వెతుక్కుంటున్నట్టున్నారు.

"లాగండి ఆయన్ని" అన్నారు రాజుగారు.

గట్టు మీద మా పాత పడవ బోర్లించి ఉంది. నల్లగా, మా మామగారి కాలంనాటిది. రాజుగారు తడిబట్టలతోనే దాని దగ్గరికి వెళ్ళారు. పక్క మీద చెయ్యి వేసి ఈ కొస నుంచి ఆ కొసకు నిమిరారు. సొగసు పిచ్చి గాని, ఆయనకు కన్ను ఉంది. ఆ మాట ఒప్పుకోవాలి.

"ఈ వంపు ఎవరు గీశారు?"

"ఎవరూ గీయలేదు దొరా" అన్నాడు మా ఆయన. "ఇక్కడ లావుంటే ఏరు నెట్టింది, తగ్గించాం. ఇక్కడ సన్నముంటే నీళ్ళెక్కాయి, పెంచాం. మా తాత నుంచీ అంతే."

అంత పొడుగు మాట ఆయన నాతో ఎప్పుడూ అనలేదు.

"హంస మెడ కన్నా బాగుంది" అన్నారు రాజుగారు. నావైపు తిరిగారు. "ఏం కావాలమ్మా? అడుగు."

"ఆ గంట."

మళ్ళీ నవ్వారు. గంటతోపాటు, ఇకమీదట కొలువులో ఎవరి మాట వాళ్ళు మాట్లాడుకోవచ్చన్న ఆజ్ఞ కూడా ఇచ్చారు. అది బిరుదులు లేకుండా అరనిమిషంలో అయిపోయింది.

అవతలి ఒడ్డున జనం హంసనావ కోసం పొద్దుటినుంచి కాచుకుని ఉన్నారు. "పదండి, ఇందులోనే పోదాం" అన్నారు రాజుగారు. మా వాళ్ళు ముగ్గురూ పాత పడవను తిప్పి నీళ్ళలోకి దించారు.

నేను వద్దనలేదు. ఆ పడవ నాకు తెలుసు. ఏరు కూడా తెలుసు. అందుకని గట్టు మీదే కూచున్నాను.

శాస్త్రిగారు గొంగళి కప్పుకుని వచ్చి పక్కన కూచున్నారు. మధ్యాహ్నం దాటాక అడిగారు.

"తిరిగొస్తారా అమ్మా?"

ఎంత బాగా అడిగారో.

సాయంత్రానికి ముసురు తెరిపిచ్చింది. పడవ కనిపించింది. లేచి నిలబడ్డాను.

చుక్కాని దగ్గర మా ఆయన. తెడ్డు మీద సన్యాసి. ముందువైపు జరీ తలపాగా, నూకయ్య. గంట మూడుసార్లు మోగించాను.

పడవ దగ్గరికొచ్చింది. జరీ తలపాగా కింద మీసాలున్నాయి. రాజుగారి మీసాలు.

నా చేతిలో గంట ఆగిపోయింది.

అప్పుడు పడవ అడుగునుంచి తలపాగా లేని తల ఒకటి లేచింది. చేతిలో నీళ్ళు తోడే చిప్ప. "అమ్మా! తలపాగా రాజుగారు అడిగారే, ఇచ్చేశాను!"

మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాను. మా ఆయన. సన్యాసి. నూకయ్య. మీసాలు.

నలుగురు.