సుత్తి విన్న టేకు చెట్టు

అనగనగా అడవి అంచున ఒక ఊళ్ళో తవిటమ్మ అనే ఆవిడ ఉండేది. ఊ కొడుతున్నావా బంగారూ? కొట్టు మరి. నువ్వు ఊ కొట్టకపోతే నా కథ నడవదు.

ఒక రోజు తవిటమ్మ ఇంటి దూలం ఫట్‌మని పగిలింది. అప్పుడు ఆవిడ రోలు బోర్లించి, దాని మీద రోకలి నిలబెట్టి, దూలానికి ఊతం పెట్టింది. అప్పటి నుంచి పిండి దంచుకోవాలంటే పక్కింటికి పోయేది. పక్కింటావిడ రోకలి ఇచ్చేది, దాంతోపాటు నాలుగు మాటలు కూడా ఇచ్చేది.

వానలు వచ్చేలోపు కొత్త దూలం ఎక్కకపోతే కప్పు కూలిపోతుంది. ఆ కప్పు కింద తవిటమ్మ, ఆవిడ మేక. పాపం, ఇద్దరికీ వేరే ఇల్లు లేదు.

పెరట్లో, వాగు ఒడ్డున, ఆవిడ పెంచుకున్న టేకు చెట్టు ఒకటి ఉంది. దాన్ని కొట్టించి దూలం చేయిద్దామనుకుంది. కానీ అక్కడ సొంత చెట్టునైనా ఫారెస్టు వాళ్ళు ఒప్పుకుంటేనే కొట్టాలి. అందుకని అటుగా పోతున్న గార్డు కొండబాబుని ఆపింది. కొండబాబుకి మీసం పెద్దది, తీరిక చిన్నది. బండి మీద నుంచి దిగకుండానే చెప్పాడు.

"పిన్నీ, సుత్తి పడందే చెట్టు మీద గొడ్డలి పడకూడదు. పడితే కేసే. నేను మళ్ళీ వచ్చి చూస్తాను."

"సుత్తేటి బాబూ?" అని ఆవిడ అడిగేసరికి అక్కడ పొగ మాత్రం మిగిలింది.

ఆ తర్వాత ఊరంతా కూర్చుని ఆలోచించింది. సుత్తి అంటే ఏమిటి? అందరూ ఒక్కసారే జోగినాయుడి వైపు చూశారు.

జోగినాయుడు మంచివాడే. కాకపోతే ఆయన "ఒక్క మాట" అని మొదలుపెడితే తోడేసిన పాలు పెరుగయ్యేవి. ఆయన్ని చూస్తే అరుగు మీది కుక్క కూడా ఏదో పని గుర్తొచ్చినట్టు లేచిపోయేది. భార్య పోయాక ఇంట్లో ఒక్కడే. మాటలన్నీ మిగిలిపోయేవి.

"బావా, నా చెట్టుకి కాస్త సుత్తి వెయ్యాలంట," అంది తవిటమ్మ.

"చెట్టుకా? ఎందుకు?"

"ఏమో. గవర్నమెంటు రూలు."

గవర్నమెంటు రూలుని ఎందుకని అడగడం ఆ ఊళ్ళో మర్యాద కాదు. జోగినాయుడు తుండుగుడ్డ దులుపుకుని వెళ్ళి చెట్టు కింద కూర్చున్నాడు.

మొదటి రోజు తన పెళ్ళి కథ చెప్పాడు. ముహూర్తం దాకా వచ్చేసరికి పొద్దుగుంకింది. రెండో రోజు మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పాడు. రెండు మోకాళ్ళు, దేని కథ దానిదే. మూడో రోజు భార్య వండే చేపల పులుసు గురించి చెప్పాడు. ఆ రోజు మాత్రం మెల్లగా చెప్పాడు.

అప్పుడు చెట్టు మీద నుంచి ఆకులు గలగలా రాలాయి. ఎండాకాలంలో టేకు ఆకు రాలుస్తుంది. ఆ సంగతి ఊరికి తెలియదా? తెలుసు. అయినా "సుత్తి పడింది!" అని ఊరంతా సంబరపడింది.

ఆ తర్వాత చెట్లు కొట్టే గురువులు అనే ఆయన గొడ్డలి భుజాన వేసుకుని వచ్చాడు. "ఒక్క మాట గురువులూ," అన్నాడు జోగినాయుడు. గురువులు మర్యాదస్తుడు, కూర్చున్నాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే గురక పెట్టాడు. అదే మంచిదైంది. అంతలోకే కొండబాబు బండి వచ్చి ఆగింది.

"గొడ్డలెందుకు తెచ్చారు? సుత్తి పడిందా?"

"పడింది బాబూ. ముందు ఆకులు పడ్డాయి, తర్వాత గురువులు పడ్డాడు," అంది తవిటమ్మ.

కొండబాబు సంచిలోంచి చిన్న ఇనప సుత్తి తీశాడు. దాని ముఖం మీద అక్షరాలు చెక్కి ఉన్నాయి. "సుత్తంటే ఇదీ! ఆఫీసరుగారు సరేనన్న చెట్టు మీద దీంతో ముద్ర కొడతాం. ముద్ర పడ్డాకే గొడ్డలి."

ఊరంతా సుత్తిని చూసింది. ఆ తర్వాత జోగినాయుణ్ణి చూసింది. ఆయన తుండుగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు.

కొండబాబు చెట్టు చుట్టూ తిరిగాడు, వాగులోకి తొంగిచూశాడు, సుత్తిని మళ్ళీ సంచిలో పెట్టేశాడు. "దీనికి సుత్తి పడదు పిన్నీ. వాగు ఒడ్డు చెట్టు కొట్టనివ్వరు. గట్టుని పట్టుకున్నవి దీని వేళ్ళే. ఇది పోతే తొలి వరదకి గట్టు పోతుంది, దాని వెనకే నీ ఇల్లూ పోతుంది."

"మరి నా కప్పు?"

కొండబాబు మీసం దువ్వాడు. దువ్వి, బండి వైపు చూశాడు. తవిటమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఒక్క మాట," అన్నాడు జోగినాయుడు. అందరూ నిట్టూర్చి కూలబడ్డారు.

"నా మెట్ట చేలో టేకు ఉంది. వాగు అక్కడికి రాదు. దానికి సుత్తి వెయ్యండి. దూలం తవిటమ్మకి."

"అయ్యో బావా, అది అక్క నాటిన చెట్టు కదా!"

"అవును. అక్కడ ఒంటరిగా ఉంది. నీ ఇంటికెక్కితే నాలుగు మాటలు వింటుంది. దీన్ని మాత్రం ఉండనీ. నన్ను చివరిదాకా విన్నది ఇదొక్కటే."

అంతే. ఆయన నోట అంత చిన్న మాట ఊరు ఎప్పుడూ వినలేదు.

ఆ తర్వాత ఆఫీసరుగారు వచ్చి చూసి సరేనన్నారు. మెట్ట చేలో సుత్తి ఠంగుమంది. కొట్టిన చెట్టు చోట కొత్త మొక్కలు నాటాలన్నారు, జోగినాయుడే నాటాడు. దూలం ఎక్కింది. వాన వచ్చింది. వాగు బుసకొడుతూ టేకు వేళ్ళ దాకా వచ్చి, కాసేపు చూసి, వచ్చిన దారినే పోయింది.

రోకలికి ఊత పని తప్పింది. తవిటమ్మ తన రోట్లో తనే పిండి దంచి, బెల్లం అట్లు పోసి, జోగినాయుణ్ణి పిలిచింది. ఆయన తిని, మూతి తుడుచుకుని, "ఒక్క మాట," అన్నాడు.

మేక లేచి బయటికి పోయింది. తవిటమ్మ మాత్రం కూర్చుని "ఊ," అంది. మళ్ళీ "ఊ," అంది. చెట్టు విన్నది గానీ ఊ కొట్టలేదు కదా! చిత్రం చూడు, ఊ కొట్టే మనిషి ఉండేసరికి ఆయన మాట దీపాలు పెట్టేలోపే అయిపోయింది.

బంగారూ? ఊ అనవేం? పడిందన్నమాట సుత్తి.

వాగు సంద్రానికి, రోకలి రోటికి,
దూలం ఇంటికి, గొడ్డలి మూలకి,
కథ కంచికి, మన కళ్ళు నిద్రకి.