విమానానికి ఎడమ

పోయేటప్పుడు బాగానే పోయేది. తిరిగి వచ్చేటప్పుడే విమానం ఎర్రిస్వామి చేతికి లొంగేది కాదు.

ఉరవకొండలో బోరు మోటార్లకు వైండింగు చేసే ఎర్రిస్వామికి నలభై దాటాక పట్టింది ఈ బొమ్మ విమానాల పిచ్చి. కాలిపోయిన మోటారును విప్పి, రాగి తీగ మళ్లీ చుట్టడం నిద్రలో లేపి అడిగినా చేసేవాడు. అలాంటి మనిషికి రిమోటు మీద ఉన్న రెండు చిన్న పుల్లలను అటూ ఇటూ కదపాలంటే ముచ్చెమటలు పోసేవి.

అతనికి గురువు హుసేన్ పీరా. ఒకప్పుడు రేడియోలు బాగుచేసిన చెయ్యి. ఊళ్లో అందరూ ఉస్తాద్ అనేవారు. ముప్పై ఏళ్లుగా పారేసిన సామానుతో బొమ్మ విమానాలు చేసి, శనక్కాయ పెరికేసిన చేలల్లో ఎగరేస్తున్నాడు. ఆయన దగ్గర ఒక కట్టుబాటు ఉంది. మొదటి విమానం కొనుక్కుని వచ్చినవాడికి నేర్పడు. ఫ్రిజ్జుకు చుట్టి వచ్చే థర్మాకోలు, పాత సైకిలు పుల్లలు, అట్టపెట్టెలకు అంటించే టేపు చాలు, చేసుకుని రమ్మంటాడు. మోటారూ బ్యాటరీ రిమోటూ మాత్రం తన పెట్టెలోంచి తీసి ఇస్తాడు. నేర్చుకున్నాక వాటిని తెచ్చి మళ్లీ ఆ పెట్టెలోనే పెట్టాలి. తర్వాత వచ్చేవాడికీ కావాలి కదా.

ఎర్రిస్వామి విమానానికి రెక్కలు కోసింది అతని కూతురు లిఖిత. పదిహేడేళ్ల పిల్ల. కరెంటు పొయ్యి కాయిలు సాగదీసి, వెదురు బద్దకు విల్లులా బిగించి, అంగట్లోని పాత ట్రాన్స్‌ఫార్మరుతో తీగను వేడెక్కించి, థర్మాకోలును వెన్న కోసినట్టు కోసింది. తండ్రి పక్కన నిలబడి చూస్తూ ఉండిపోయాడు. కోయడం అయ్యాక రెక్క అడుగున స్కెచ్ పెన్నుతో ఒక కొసన 'ఎడమ' అనీ, ఇంకో కొసన 'కుడి' అనీ రాసింది.

"ఇది కూడా రాయల్లనా? నాకు తెలీదా?" అని నవ్వాడు ఎర్రిస్వామి.

"అది విమానానికి ఎడమ నాయనా. నీకు కాదు," అంది.

తండ్రీకూతుళ్లు కలిసి నవ్వుకున్నది అదే ఆఖరు. ఆ వారమే ఇంటర్ ఫలితాలు వచ్చాయి. మంచి మార్కులు. ఇంజనీరింగు వద్దు, ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చేస్తాను అంది లిఖిత.

"నేను పానా పట్టింది చాలదా? నువ్వు కూడా చేతులకు గ్రీజు పూసుకోవల్లనా?" అని వీధి అంతా వినబడేట్టు అరిచాడు ఎర్రిస్వామి.

ప్రేమతోనే అన్నాడు. కూతురి చేతులు తన చేతుల్లా కాకూడదన్నది అతని బెంగ. ఆ పిల్లకు మాత్రం, నీకు చేతకాదు అన్నట్టు వినబడింది. తర్వాత మూడు నాలుగు సార్లు దరఖాస్తు ఫారం పట్టుకుని ఎదురుగా వచ్చి నిలబడింది. ఆమె నోరు తెరిచేలోగా అతను అందుకునేవాడు. ఒక్కోసారి మెత్తగా చెబుదామనే మొదలుపెట్టేవాడు, అదీ అరుపులోనే తేలేది. చివరికి ఆ పిల్ల రావడం మానేసింది, మాట్లాడడం కూడా. ఇరవై రోజులైంది. అన్నం వాళ్లమ్మ చేత పంపిస్తోంది. ఫారం ఇవ్వడానికి సోమవారం ఆఖరు. తండ్రి సంతకం లేనిదే తీసుకోరు.

అందుకే ఎర్రిస్వామికి ఆ రెక్కంటే అంత ప్రాణం. ముక్కు విరిగితే ఇంకోటి పెట్టుకోవచ్చు, తోక విరిగితే అట్టతో చేసుకోవచ్చు. రెక్క పోతే మళ్లీ కోసిచ్చే మనిషి లేదు.

ఆదివారం పొద్దున ఉస్తాద్‌తో కలిసి చేలో ఎగరేస్తుంటే అదే అయింది. విమానం చేను చివరిదాకా పోయి, చక్కగా తిరిగింది. తమ వైపు వస్తూ కాస్త ఎడమకు ఒరిగింది. ఎర్రిస్వామి పుల్లను కుడికి నొక్కాడు. ఇంకా ఎడమకు పోయింది. ఇంకా గట్టిగా నొక్కాడు. నేల మీద ధన్‌మని పడింది. పరిగెత్తుకుంటూ పోయి చూస్తే రెక్క నడిమికి చీలి, టేపు పట్టున వేలాడుతోంది.

దాన్ని రెండు చేతుల్లో ఎత్తుకుని వచ్చాడు. కళ్లలో నీళ్లు. ఆ నీళ్లు కనబడకూడదని కోపం తెచ్చుకున్నాడు.

"ఈ థర్మాకోలుతో నా వల్ల కాదు ఉస్తాద్. అనంతపురంలో రెడీమేడ్ విమానం దొరుకుతాదంట. గాలికి ఒరిగితే దానంతట అదే సర్దుకుంటాదంట. కంతుల మీద, నెలనెలా కట్టుకునేట్టు ఇస్తారంట. అది తెచ్చుకుంటా."

హుసేన్ పీరా ఫ్లాస్కులోంచి టీ వంచుకుంటున్నాడు.

"పోయేటప్పుడు కూడా అది థర్మాకోలే కదా బేటా?"

ఎర్రిస్వామి చీలిన రెక్కను గట్టు మీద పెట్టాడు.

"పోయేటప్పుడు బాగా పోతాది ఉస్తాద్," అన్నాడు. "వచ్చేటప్పుడే... నేనేం చేసినా తిరగబడతాది. ఇటు రమ్మంటే అటు పోతాది."

ముసలాయన టీ గ్లాసు దించాడు. సంచీలోంచి తెల్ల గమ్ము తీసి పక్కన పెట్టాడు. ఎర్రిస్వామి జేబులోంచి క్షణంలో అంటుకునే చిన్న గమ్ము ట్యూబు తీశాడు. ఉస్తాద్ దాన్ని మెల్లగా లాక్కుని తన జేబులో వేసుకున్నాడు.

"వేగిరంగా అతికేది థర్మాకోలును తినేస్తాది. తెల్లది పూసి, ఆరేదాకా కూర్చో."

గంటకు పైగా కూర్చున్నారు. టీ అయిపోయింది. ఉస్తాద్ టవలు ముఖాన కప్పుకుని చిన్న కునుకు తీశాడు. ఎర్రిస్వామి అతికిన చోటును వేలితో తాకి చూడడం, తిట్లు తినడం, మళ్లీ తాకడం. టవలు కిందనుంచి ఆ తిట్లు ఎట్లా వచ్చేవో ఇప్పటికీ అతనికి అంతుపట్టదు.

ఆరింది. పైన టేపు చుట్టారు. రిమోటు చేతిలో పెడితే ఎర్రిస్వామి దాన్ని వెనక్కి చాపాడు.

"మీరు ఎగరేయండి ఉస్తాద్. ఈసారి పడితే ఈ రెక్క ఉండదు. నా చేతులు సూడండి, ఎట్ల వణుకుతాండాయో."

"వణకనీ. కొత్త కదా," అన్నాడు హుసేన్ పీరా. విమానాన్ని తలపైకి ఎత్తి, రెండడుగులు వేసి గాలిలోకి వదిలాడు.

ఎప్పటిలాగే బాగా పోయింది. చేను చివర గాలిమర దాకా పోయి, తిరిగింది. వస్తోంది. ఎడమకు ఒరిగింది. ఎర్రిస్వామి బొటనవేలు కుడికి పోబోయింది.

వెనకనుంచి రెండు చేతులు అతని భుజాలు పట్టుకున్నాయి. పట్టుకుని, అతన్ని గిర్రున వెనక్కి తిప్పేశాయి. ఇప్పుడు విమానం అతని వీపు వెనక ఉంది.

"ఉస్తాద్!"

"మెడ తిప్పి సూడు. కాళ్లు కదపాకు. అది యాపక్క సూస్తాందో, నువ్వూ ఆపక్కకే తిరిగి నిలబడు."

ఎర్రిస్వామి భుజం మీదుగా చూశాడు. విమానం వెనకనుంచి వస్తోంది, అతను తిరిగి నిలబడ్డ దిక్కుకే. దానికి కుడి ఎటో, అతనికీ అటే. అతను ఎడమ అనుకున్నాడు గానీ అది తన కుడికి ఒరిగి ఉంది, అంతే. బొటనవేలితో ఎడమకు చిన్నగా అన్నాడు. విమానం నిదానంగా సర్దుకుంది. నెత్తి మీదుగా దాటి ముందుకు పోయి, చేలో మట్టిపెళ్లల మీద టపటపమని ఎగిరెగిరి ఆగింది.

విరగలేదు.

అతను వెళ్లి దాన్ని ఎత్తి తిరగేశాడు. రెక్క అడుగున రెండు కొసలా ఆ పిల్ల రాత అట్లాగే ఉంది. చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాడు. ఉస్తాద్ సంచీ సర్దుకుంటున్నాడు.

"బ్యాటరీ ఇంకోసారికి వస్తాది. ఎగరేస్తావా?" అని అడిగాడు.

"ఇంటికి పోతా ఉస్తాద్," అన్నాడు ఎర్రిస్వామి.

ఇల్లు అంగడి వెనకాలే. ఆదివారం కాబట్టి అంగడి షట్టరు వేసి ఉంది. ముందున్న మెట్ల మీద లిఖిత ఒళ్లో పుస్తకంతో కూర్చుని ఉంది. తండ్రిని చూడగానే మొహం బిగించుకుని లేవబోయింది.

ఏ రోజైనా అతను ఆమె ఎదురుగా తన నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడేవాడు. ఈరోజు ఎదురుగా ఆగలేదు. విమానాన్ని గోడకు ఆనించి, ఆమె కూర్చున్న మెట్టు మీదే పక్కన కూర్చున్నాడు. కూతురు ఎటు చూస్తోందో అటే చూశాడు.

వీధికి అవతల బోరు లారీ ఆగి ఉంది. ఇద్దరు మనుషులు దాని కంప్రెసరు విప్పి, ఏం చేయాలో తోచక తల గోక్కుంటున్నారు. పదిహేనేళ్లుగా ఈ అంగడి నడుపుతున్నా, ఈ మెట్ల మీదనుంచి ఆ వీధి ఇట్లా కనబడుతుందని ఎర్రిస్వామికి తెలియదు.

"పొద్దన్నుంచీ తప్పు బోల్టే తిప్పుతాండారు," అంది లిఖిత, ఎవరితో అన్నట్టు లేకుండా. ఇరవై రోజుల తర్వాత అతను విన్న మొదటి మాట.

"నువ్వైతే ఏది తిప్పుతావు?"

చెప్పింది. మొదట ముక్తసరిగా, తర్వాత చేతులు తిప్పుతూ, చివరికి మెట్టు మీది దుమ్ములో వేలితో బొమ్మ గీస్తూ. ఆమె గీసిందానిలో అతనికి తెలియనిది కూడా ఒకటుంది. అతను ఒక్కసారి కూడా మధ్యలో అందుకోలేదు.

చెప్పడం అయ్యాక చెయ్యి చాపాడు.

"ఫారం ఇయ్యమ్మా."

ఆ పిల్ల తండ్రి మొహంలోకి చూసింది. పుస్తకంలోంచి మడతలు పడిన ఫారం తీసింది, పెన్ను తీసింది. అతను మోకాలి మీద పెట్టుకుని పేరు రాయడం మొదలుపెట్టాడు. అక్షరాలు వంకర్లు పోయాయి.

"చెయ్యి ఎందుకు వణుకుతాంది నాయనా?"

"వణకనీమ్మా," అన్నాడు ఎర్రిస్వామి. "కొత్త కదా."