గాలికి తొవ్వ లేని కోళ్ల గూడు

ఒకప్పుడు కోళ్లకు గూడే లేకుండె. పొద్దుగూకితె ఎక్కడున్నయో అక్కడ్నే, చెట్టు కిందనో కంప సాటుకో ముడుసుకొని పండేటివి. పన్నయంటె ఇగ రాళ్లే. లేపినా లేవకపోయేటివి.

జంగపిల్లికి అంతకన్న ఏం గావాలె? మెల్లగ వచ్చేది, ఒకదాన్ని నోట కరుసుకొని పోయేది. తెల్లారి లేశి సూస్తె పక్కన ఈకలే ఉండేటివి.

పొడల కోడి అని ఒకటుండె. దాని పిల్లలు ఒక్కొక్కటే పోంగ పోంగ ఆఖరికి నాలుగు మిగిలినయి. అప్పటిసంది దానికి కాలు ఒక్కకాడ నిలువలే. గింజలు ఏరుకుంట ఏరుకుంట తల లేపుడు. నీళ్లు తాగుకుంట తాగుకుంట ఎనుకకు మర్లి సూసుడు.

"ఏందే కోడలా, నీ కాళ్ల కింద నిప్పులు పోశిన్రా? కూసో జరంత," అన్నది ముసలి నల్ల కోడి.

"నేను కూసుంటె అది వస్తదత్తా."

ఉరుక్కుంట ఉరుక్కుంట పోయి కుమ్మరి ఓదవ్వ ముంగట నిలవడ్డది. "అవ్వా, నీ చేతుల మట్టి ఉన్నది. మాకో ఇల్లు కట్టియ్యవా?"

ఓదవ్వ తిప్పే సారె ఆపింది. "నేను కుండలు చేసేదాన్నే పిల్లా. ఇల్లెన్నడు కట్టలే. ఎంతమంది మీరు?"

"ముసలత్త, ఎర్ర పుంజు, నేను, నా నలుగురు పిల్లలు."

"చిన్న సంసారమే. ఏదీ, రెక్క సాపు."

కోడి రెక్క సాపింది. ఓదవ్వ దాని పొడుగు సూసి పుల్లతోని నేల మీద గీత గీసింది. "ఒక్కొక్కరికి ఇంత జాగ. రెక్క కొట్టుకునే సందు లేకపోతె అది ఇల్లు గాదు, గంప."

ఇగ అందరికి నోర్లు లేశినయి. "నాకు ఎత్తుల కర్ర గావాలె. నేను కింద కూసుంటె పొద్దు ఎట్ల పొడుస్తది?" అన్నది పుంజు.

"కర్ర నున్నగ ఉండాలె. నా కాళ్లకు వాతం," అన్నది ముసలి కోడి.

అంతల గాలి, ఎండుటాకులు లేపుకుంట ఉరికొచ్చింది. "అందరికి జాగ పెట్టినవ్. నాదేది ఓదవ్వా?"

"నీకేం పనయ్యా ఇంట్ల? ఊరంత నీదే గదా."

"కంత పెడ్తె జంగపిల్లి చెయ్యి పెడ్తది. పో, పో!" అని పొడల కోడి రెక్కలతోని గెదిమింది. గాలి మర్లి పోయింది.

ఓదవ్వకు ఎరుకైన కట్టుడు ఒక్కటే, కుండలు కాల్చే ఆవం. ఆవానికి జర పగులున్నా సెగ పోతది, కుండలు పచ్చిగనే ఉంటయి. అందుకే దాని మీద తడి మట్టి మెత్తి, పెండతోని అలికి, వేలు పెట్టి పెట్టి సందులు మూస్తరు. గూడు గుడ అట్లనే కట్టింది.

"అగో, ఆడ సన్నం పగులున్నదవ్వా," అన్నది పొడల కోడి. ఓదవ్వ మెత్తింది.

"ఈ సూరు కింద గుడ సందున్నది." అది గుడ మెత్తింది. తలుపు సందుల గుడ్డ కుక్కింది. "ఇగ సీమ గుడ దూరదు పో!"

ఆ రాత్రి జంగపిల్లి గూడు సుట్టు తిరిగి తిరిగి, గోకి గోకి, ఉత్త చేతులతోనే పోయింది. లోపల పొడల కోడి ఎన్నడు లేంది సుకంగ కళ్లు మూసింది. కని సెగ పెరిగింది. రెట్ట ఆవిరి కళ్లల్ల మండింది. అందరు నోర్లు తెరిశిన్రు.

తెల్లారి తలుపు తీస్తె అన్నీ తూలుకుంట బయటవడ్డయి. అందరికన్న సిన్న పిల్ల, పసుపు ముద్ద లెక్క ఉండేది, అది లేవలే.

"లే బిడ్డా," అని ముక్కుతోని మెల్లగ పొడిసింది తల్లి. "లే, పొద్దెక్కింది." లేవలే.

పొడల కోడి ఒర్రింది. "తలుపు ఏసినట్టే ఉన్నది. కంత లేదు. జంగపిల్లి రాలే. మరి నా బిడ్డను ఎవరు కొంటవోయిన్రు?"

"ఎవ్వరు కొంటవోలేదు," అన్నది గాలి. "నేను రాలేదు. గంతే."

ఓదవ్వ తను మెత్తిన గోడ మీద చెయ్యి పెట్టి సూసింది. "ఇల్లు కట్టిన అనుకున్న. ఆవం కట్టిననే బిడ్డా."

"సందులు సూపెట్టింది నేనే గదవ్వా," అన్నది కోడి.

ఏడ్శిన్రు. కని పొద్దు ఆగదు గదా. మళ్ల పొద్దుగూకుతది, మళ్ల జంగపిల్లి వస్తది. మిగిలిన ముగ్గురిని ఏడ పండవెట్టాలె?

"గాలన్నా, నాడు గెదిమిన నిన్ను. ఇగ నీకెట్ల గావాల్నో నువ్వే చెప్పు," అన్నది పొడల కోడి.

"వచ్చేతందుకు ఒక తొవ్వ, పోయేతందుకు ఒక తొవ్వ. ఒక్కటే ఉంటె నేను మర్లలేను. కింద పెట్టకుండ్రి, పిల్లలకు చలి పుడ్తది. సూరు కింద, అటిటు పెట్టుండ్రి. మీ తలల మీంకెల్లి పోత. సెగను, కంపును ఎంట తీసుకపోత."

ఓదవ్వ గడ్డపార తీసి తను మెత్తిన మట్టిని తనే పొడిసింది. కంప సాటుకెల్లి జంగపిల్లి నవ్వింది. "సల్లగుండు అవ్వా! నా కోసం కిటికీలు పెడ్తున్నవా?"

"ఆగు, నీకే," అన్నది ఓదవ్వ. వెదురు బద్దలు తెచ్చి కంతలకు దగ్గరదగ్గరగ అల్లింది. నడుమ తన చిటికెన వేలు పెట్టి సూసుకున్నది. పట్టలే. జంగపిల్లి ఎగిరి పంజా పెట్టింది. గోర్లే పట్టినయి. పంజా ఊపుకుంట పోయింది.

పొద్దుగూకింది. పుంజు ఎక్కింది, ముసలి కోడి ఎక్కింది, పిల్లలు ఎక్కినయి. పొడల కోడి ఒక్కతే బయట.

"రావే, తలుపెయ్యాలె," అన్నది ఓదవ్వ.

ఒక కాలు లోపల పెట్టింది. మెడ సాపి సూసింది. గాలి తిరుగుతున్నదా? తిరుగుతున్నది. కాలు తీసింది. కంప దిక్కు సూసింది. జంగపిల్లి ఉన్నదా? లేదు. మళ్ల లోపటికి. మళ్ల బయటికి.

"ఏందే కోడలా, వచ్చినట్టా పోయినట్టా?" అని గులిగింది ముసలి కోడి. "సెగ లేదు, పిల్లి లేదు. ఇంకేం సూస్తున్నవ్?"

"ముగ్గురే ఎక్కిన్రత్తా."

ముసలి కోడి కర్ర మీద జరంత జరిగి జాగ ఇచ్చింది. దాని తిరుగుడు అయ్యేదాక ఓదవ్వ తలుపు పట్టుకొనే నిలవడ్డది.

అప్పటినుంచే కోడి పొద్దుగూకంగ గూటి కాడికి వస్తది గని ఒక్కపారే లోపటికి పోదు. కాలు పెడ్తది, మెడ సాపుతది, మళ్ల బయటికొచ్చి "క్రొక్, క్రొక్" అనుకుంట తిరుగుతది. ఎంత మంచిగ కట్టిన గూడైనా సరే, తలుపు కాడ ఒక్కసారి ఎనుకకు మర్లి సూసినంకనే లోపటికి పోతది.