తెల్లగెడ్డ గోనెతల్లి ముసుగు

ముఖం చూపని తల్లికి దండం పెట్టడానికి ఇంత దూరం వచ్చారు కదా, ఆమె ఎవరి కంట పడకూడదని ముసుగు వేసుకుందో ఒక్కసారైనా అడిగారా?

తెల్లగెడ్డ వాగు ఒడ్డున, కూలిన జనపనార మిల్లు గేటు పక్కన గోనెతల్లి గుడి ఉంది. గర్భాలయంలో నిలువెత్తు నల్లరాయి, దాని మీద గోనెసంచి. వెండి కళ్లు సమర్పిస్తామని వచ్చినవారిని పూజారులు మర్యాదగానే వెనక్కి పంపుతారు. ఇక్కడ అర్చనకు పేరూ గోత్రమూ చెప్పకూడదు. అడిగితే పూజారికే దోషం.

పూర్వం ఇక్కడ జొన్నచేలుండేవి. ఒక తరం తిరక్కముందే చేలు పోయి పొగగొట్టాలు మొలిచాయి. యజమాని యంత్రాల వేగం పెంచాడు. ఆ వేగానికి చేతులు తెగిపడ్డాయి. వేగం తగ్గించమని కార్మికులు సమ్మెకు దిగారు. అప్పటినుంచి మనుషులు మాయం కాసాగారు. కార్మిక సంఘం నాయకుడి శవం గెడ్డలో తేలింది. ఎవరు ఎవరిని పట్టిస్తున్నారో తెలియక జనం సొంత ఇంట్లో కూడా గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు.

ఆ మిల్లులో అసిరమ్మ గోనెలు కుట్టేది. తోటి ఆడవాళ్లను సమ్మెలోకి నడిపించింది ఆమే. ఆ సంగతి వాళ్లకూ, తమ్ముడు గవరయ్యకూ తప్ప బయటివారికి తెలియదు. ఆమె కుట్టిన సంచి చంకన పెట్టుకుని, బియ్యం తెస్తానని వెళ్లిన గవరయ్య తిరిగి రాలేదు. గెడ్డ వైపు చూడటమే ఆమె మానేసింది.

ముసురు పట్టిన ఒక ఉదయం యజమాని మనుషులు తుపాకులతో వచ్చి జనాన్ని గేటు ముందు వరుసగా నిలబెట్టారు. వానకు అందరి నెత్తినా మడిచిన గోనెలే. లారీలోంచి ఒకడు దిగాడు. అతడి ముఖమంతా గోనె కప్పేసింది, కళ్ల దగ్గర రెండు కన్నాలు. అతడు ఎవరి ముందు తల ఊపితే వారిని లారీ ఎక్కించారు.

“ఓలమ్మా, పెళ్లికూతురికి కూడా ఇంత ముసుగు నేదే!” అని పక్కనున్న ముసలి గురమ్మ గొణిగింది. అంటున్నంతసేపూ గురమ్మ పళ్లే టకటక కొట్టుకుంటున్నాయి.

అసిరమ్మది ఎడమచేతి కుట్టు. ఆమె కుట్టిన అంచు తక్కినవాటికి ఎదురువాలుగా ఉంటుంది. ఆ అంచు ఇప్పుడు ముసుగుమనిషి మెడ చుట్టూ ఉంది. తమ్ముణ్ణి చంపి వాడి సంచి తొడుక్కున్నారా? అతడు ఆమె ముందే ఆగాడు. గోనె లోపల ఎవరో ఎక్కిళ్లు పెట్టి ఏడుస్తున్నారు.

“అప్పా... ఏటి సెయ్యమంటావు?” అక్కను ‘అప్పా’ అని పిలిచే ఆ గొంతు గవరయ్యదే.

“తలూపకురా తమ్ముడా.”

“ఊపకపోతే సంపేత్తారే!”

అతడి పేరు పైకి అంటే జనం చేతిలో వాడు పోతాడు. ఊరుకుంటే వరుసంతా లారీలోకి పోతుంది. అసిరమ్మ నెత్తిమీది గోనెను గడ్డం కిందికి లాగేసుకుంది. “నీకొక్కడికే ముసుగుంటే గదరా నిన్ను గుర్తుపడతారు. నాలో కలిసిపో!”

గురమ్మా లాగేసుకుంది. ఆమె పక్కదీ, ఆ పక్కవాడూ. చూస్తుండగానే గేటు ముందు ముఖాలే లేకుండా పోయాయి. గవరయ్య ఆ గోనెల్లో ఒక గోనె అయ్యాడు. యజమాని మనుషుల నాయకుడు బూతులు తిడుతూ వచ్చి, అసిరమ్మ నిలబడ్డచోట ఉన్న గోనెను పీకాడు. లోపల మనిషి లేదు. వాన కారుతున్న నల్లరాయి. అతడు కెవ్వుమన్నాడు. బతికినంతకాలం అతడి తల ఊగుతూనే ఉందని చెబుతారు.

గూండాలు పారిపోయారు. కానీ ముందే లారీ ఎక్కినవారు తిరిగి రాలేదు. వారికి తల్లి మహిమ అందలేదు. ఈ మాట దాచి చెప్పడం ఈ గుడిలో అపచారం.

అసిరమ్మ మళ్లీ ఎవరికీ కనబడలేదు. గవరయ్య కలలోకి మాత్రం వచ్చింది. “నా ముఖం ఎవులికీ సూపించకు. సూసి సెప్పేవోళ్లు ఇంకా ఉన్నారు,” అంది. అతడే తొలి పూజారి అయ్యాడు. తాను తల ఊపి పంపినవారి ఇళ్ల ముందు రోజూ మోకరిల్లాకే గుడి తలుపు తీసేవాడట.

నేటికీ ముసురు రోజుల జాతరలో భక్తులు గోనెలు కప్పుకుని గేటు ముందు నిలబడతారు. గవరయ్య వంశీకుడొకడు ఎదురువాలు కుట్టు ముసుగుతో వరుస పొడవునా నడుస్తాడు. మెడ కదపకూడదు. అతడు ముందు ఆగినప్పుడు, ఇది జాతరే అని తెలిసినా, ఒళ్లు చల్లబడుతుంది. ఆ భయాన్ని దాటినవారికి తల్లి తోడుంటుందని నమ్మకం.

ప్రసాదం తీసుకుని అలా వెళ్లిపోకండి. ఇదిగో గోనె, అందుకోండి. గేటు దగ్గర వరుస కట్టారు, వెళ్లి నిలబడండి. రేపు మీ ఊళ్లో, మీ పనిచోట ఎవరైనా పక్కమనిషిని చూపించి “వీడేనా?” అని అడిగితే, మెడ కదపకండి.