దొయిమతి వాలు మీటరు

పాంగి దొయిమతి కొండ మీది ఊళ్ళ నుంచి నిండు చూలాళ్ళను ఆసుపత్రికి దించే జీపు నడుపుతుంది. ఆమెకు స్టీరింగు పట్టడం నేర్పినవాడు దస్తగిరి. ముప్ఫై ఏళ్ళు కొండదారుల్లో జీపు తోలి, ఇప్పుడు మోకాళ్ళ నొప్పులతో అరకు దగ్గర చిన్న షెడ్డు పెట్టుకున్నాడు.

ఒక ఉదయం దొయిమతి ముఖం గంటు పెట్టుకుని షెడ్డుకు వచ్చింది.

"నిన్న కూడా ఒకామె దారిలో దిగిపోయింది గురువుగారూ. అదే, పక్కకు వాలి ఉండే పెద్ద బండ దగ్గర. నెలలు నిండిన మనిషి. ఆపు ఆపు అని ఏడ్చి, దిగి, మొగుడి భుజం పట్టుకుని నడిచింది. ఈ నెలలో ఈమె మూడోది. ఇంకో ఇద్దరైతే ఇంట్లోనే కంటామని అసలు ఎక్కనే లేదు."

"బండి ఎప్పుడైనా పడిందా?"

"ఒక్కసారీ పడలేదు. ఆ మాట చెప్తే వినరే! అందుకే మీటర్లు కొంటున్నాను."

జాకెట్లోంచి కాగితం తీసి ఆయన ముందు పెట్టింది. బండి ఎంత వాలిందో చూపించే మీటర్లు మూడు రకాలు, టైర్లలో గాలి చూసేవి రెండు రకాలు రాసి ఉన్నాయి.

"ఒకటి ముల్లుది, ఒకటి బుడగ తేలేది, ఒకటి అంకెలు వెలిగేది. ముప్ఫై అయిదు డిగ్రీల దాకా బండి పడదని షాపతను చెప్పాడు. మనం ఇరవై కూడా దాటం. అది చూపించి వాళ్ళ నోళ్ళు మూయిస్తాను. ఏది కొనమంటారు?"

దస్తగిరి కాగితం చివరిదాకా చదివాడు. లోపలికి వెళ్ళి తన పాత ముల్లు మీటరు తెచ్చి, ఆమె జీపులో స్టీరింగు పక్కన టేపుతో అంటించాడు.

"తాళాలు ఇలా ఇయ్యి. నువ్వెళ్ళి వెనక పడుకో."

"నేనా?"

"పడుకో తల్లీ."

దొయిమతి నవ్వుకుంటూ వెనక కుడివైపు బల్ల మీద పడుకుంది. దస్తగిరి కొండదారి పట్టి, ఆ పెద్ద బండ మీదికి ఎక్కించాడు. జీపు లోయవైపు ఒరిగింది. పడుకున్న ఆమెకు దారి కనిపించలేదు. ఎదురుగా చెట్ల కొనలు, వాటి కింద ఖాళీ. చక్రం రాయెక్కి దిగేసరికి ఒళ్ళు బల్ల మీంచి లేచింది. కూనిరాగం తీస్తూ వేలసార్లు తను దాటించిన బండే అది.

"ఆపండి! గురువుగారూ, ఆపండి!"

దస్తగిరి ఆపాడు. ముల్లు వైపు చూసి నెమ్మదిగా అన్నాడు. "పదమూడు."

ఆమె లేచి, ముందుకు వంగి చూసింది. పదమూడే.

ఆయన నవ్వలేదు. బండిని వెనక్కి, చదును నేల మీదికి తెచ్చి దిగాడు. "టైర్లకి ఎంత పెట్టావు?"

"ముప్ఫై రెండు."

"తారురోడ్డుకి బాగుంటుంది."

మోకాళ్ళు పట్టుకుని కూర్చుని ఒక్కో చక్రంలోంచీ గాలి తీశాడు. పెన్సిలంత గాలి మీటరు పెట్టి చూడడం, ఇంకాస్త తీయడం, మళ్ళీ చూడడం. నాలుగూ ఇరవైకి వచ్చాయి.

"మీరు చేత్తో నొక్కి చెప్పెయ్యగలరు కదా?"

"నాలుగూ సమానమో కాదో నా వేలు చెప్పదమ్మా. రోడ్డెక్కగానే మళ్ళీ కొట్టించు. ఇప్పుడు పడుకో."

ఈసారి బండి అంగుళం అంగుళం కదిలింది. దస్తగిరి గొంతు ముందు నుంచి వినిపిస్తూనే ఉంది.

"ఎనిమిది... పది... రాయొస్తోంది తల్లీ, కడ్డీ పట్టుకో... పదిహేను... పదహారు. అంతే, ఇక తగ్గుతుంది."

రాయి మెత్తగా తగిలింది. దొయిమతి కడ్డీ పట్టుకునే ఉంది గానీ ఆపమనలేదు.

బండ దాటాక ఆయన ఇంజను ఆపాడు. ఆమె చాలాసేపు లేవలేదు. లేచాక కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"నిన్నటి ఆమె మూడు మైళ్ళు నడిచింది గురువుగారూ."

ఆయన నీళ్ళ సీసా మూత తీసి ఆమె చేతికిచ్చాడు. ఆమె తాగేదాకా ఆగాడు.

"గాలి మీటరు ఇలాంటి పెన్సిలుదే కొంటాను," అంది. "వాలు మీటరు ఏది కొనను?"

దస్తగిరి ఆమె పడుకున్న బల్ల వైపు చూశాడు.

"అక్కణ్ణించి కనపడేది."