వెనక సీటు కింది పానా

రాజులు ఏనుగులు దిగి మోటారు కార్లు ఎక్కిన కొత్తలో మణిగిరి అనే చిన్న రాజ్యం ఉండేదట. విజయదశమినాడు ఉదయం ఏడుంపావుకు అక్కడి రాజుగారు కారెక్కి తలుపు వేసుకున్నారు. మొదటి మలుపు తిరగ్గానే వెనకనుంచి కటకటమని చప్పుడు వచ్చింది.

కారు షెడ్డుకు పెద్ద మేస్త్రీ కొండలరాయుడు. అతని కింద పనికి కుర్ర మేస్త్రీ దస్తగిరి చేరి ఆరు నెలలే. అయినా ఏ పనికైనా రాజుగారు దస్తగిరినే పిలుస్తున్నారు. పిలిచిన ప్రతిసారీ కొండలరాయుడికి ఆ పూట అన్నం సహించేది కాదు.

చప్పుడేమిటో అతనికి తెలుసు. ముందురోజు ఆయుధపూజ. పనివాళ్లందరి పానాలూ ఒకే పళ్లెంలో పెట్టడం ఆ షెడ్డు ఆచారం. తన పానా దస్తగిరి పానా పక్కన ఉండటం ఓర్వలేక, దానికి విడిగా బొట్టుపెట్టి కారు వెనక సీటు కింద దాచాడు. కడుపునొప్పని చెప్పి పూజకు ముందే ఇంటికి పోయాడు. తెల్లారాక తీద్దామనుకున్నాడు; ఈలోగా రాజుగారు కారెక్కేశారు. చప్పుడు విన్నాక తీయబుద్ధి కాలేదు.

"కొత్త చెయ్యి పడ్డాకే ఇలా అయింది, ప్రభూ" అన్నాడు.

మూడు రోజుల్లో చప్పుడు ఆగకపోతే దస్తగిరి కొలువు వదిలిపోవాలని రాజుగారు ఆజ్ఞాపించారు.

మొదటిరోజు దస్తగిరి చక్రాల బోల్టులన్నీ బిగించాడు. చప్పుడు పోలేదు. రెండోరోజు పొగగొట్టం విప్పి మళ్లీ బిగించాడు. పోలేదు.

"మూటాముల్లె సర్దుకున్నావా అబ్బాయ్?" అని కొండలరాయుడు తీరిగ్గా పలకరించాడు.

మూడోరోజు దస్తగిరి పనిముట్లు ముట్టలేదు. రాజుగారిని కారు నడపమని వేడుకుని, తాను వెనక కూర్చుని, కళ్లు మూసుకుని విన్నాడు.

"వదులైన బోల్టు గతుకుల్లో మోగుతుంది, ప్రభూ. ఇది మలుపుల్లోనే మోగుతోంది. ఏదో అటూ ఇటూ జారుతోంది. కారుకు జబ్బు లేదు."

సీటు ఎత్తారు. కుంకుమ అంటిన పానా బయటపడింది. దానిమీద కొండలరాయుడి పేరు చెక్కి ఉంది.

అతను తల దించుకుని జరిగింది చెప్పాడు. షెడ్డు తాళాలు దస్తగిరి చేతికి వచ్చాయి. పెద్దాయన పని తెలిసినవారని, ఉండనివ్వమని దస్తగిరే అడిగాడు. దానికీ కొండలరాయుడి కడుపు మండింది.

నాలుగు రోజుల తర్వాత, పూజ పళ్లెం తోముతూ షెడ్డు ఊడ్చే అవ్వ కొండలరాయుడికి ఒక సంగతి చెప్పింది. పెద్ద మేస్త్రీగారి పానా పెట్టనిదే తనది పెట్టనని, దస్తగిరి ఆనాడు పూజ ముగిసేదాకా తన పానా చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడట.

అసూయ నిండిన కంటికి తనకు దక్కుతున్న గౌరవం కూడా కనబడదు.