మస్తాన్‌బీ మిషను ఆగిన వీధి

అనగనగా ఒక ఊళ్ళో... రాజులూ గుర్రాలూ ఉన్న ఊరనుకునేరు, కాదర్రా. కరెంటు స్తంభాలూ సెల్‌ఫోన్లూ ఉన్న ఊరే. ఆ ఊళ్ళో ఉప్పుకొఠార్ల వీధని ఒక వీధి ఉండేది. ఎప్పుడో అక్కడ ఉప్పు నిలవేసేవాళ్ళట. ఉప్పూ పోయింది, కొఠార్లూ పోయాయి, పేరు మాత్రం మిగిలింది. పొద్దున్నే ఆ వీధిలోకి అడుగుపెడితే ముందుగా వినపడేది మస్తాన్‌బీ కుట్టుమిషను. టకటకా టకటకా, కాసేపు ఆగి మళ్ళీ టకటకా టకటకా. ఆ చప్పుడు వినగానే వీధిలో వాళ్ళు పొయ్యి వెలిగించుకునేవాళ్ళు.

ఊ కొడుతున్నారా? ఊ కొట్టండి, లేకపోతే మీకంటే ముందు నేను నిద్రపోతాను.

మస్తాన్‌బీ మొగుడు పిల్ల చిన్నగా ఉన్నప్పుడే పోయాడు. ఆ మిషను తొక్కుకుంటూనే కూతుర్ని పెంచుకొచ్చింది. పురిటిబిడ్డకి జుబ్బా కుట్టాలంటే మస్తాన్‌బీ, బడికెళ్ళే పిల్లకి గౌను కుట్టాలంటే మస్తాన్‌బీ, పెళ్ళికూతురికి జాకెట్టంటే మస్తాన్‌బీ, ముసలమ్మకి వదులు రవికంటే మస్తాన్‌బీ. ఆది జాకెట్టు, అదేనే, కొలతకని ఇచ్చే పాత జాకెట్టు, ఒక్కసారి ఇస్తే చాలు. మళ్ళీ ఏడాది ఇవ్వకపోయినా మనిషిని చూసే, "ఏమ్మా, కాస్త ఒళ్ళు చేశావే" అని ఆ మేరకు వదులు పెట్టి కుట్టేది.

ఆ వీధిలో వెంకాయమ్మగారింటికి కొత్తకోడలు వచ్చింది. పేరు ఇందుమతి. వెంకాయమ్మ చెడ్డమనిషేం కాదు గానీ నోరు కాస్త జోరు. మొగుడు పొద్దున బస్సెక్కితే చీకటి పడ్డాకే రావడం. పాపం ఇందుమతికి కొత్త ఊరు, కొత్త ఇల్లు, కొత్త గిన్నెలు. మనసు విప్పి మాట్లాడదామంటే మనిషి లేదు. అప్పుడు పరిచయమైంది గౌసియా. మస్తాన్‌బీ కూతురే. రెండు జడలేసుకుని, కుట్టిన జాకెట్లు పట్టుకుని వచ్చేది. వచ్చిన పిల్ల ఇక కదిలేది కాదు. "వదినా, వదినా" అంటూ వంటింటి గడపలో చతికిలబడి బళ్ళో కబుర్లన్నీ ఒలకబోసేది. ఇందుమతి అప్పడాలు వేయిస్తుంటే విరిగిన ముక్కలన్నీ దానివే. పెద్దయ్యాక నర్సవుతానని చెప్పేది. ఇందుమతికి తలనొప్పని తెలిస్తే చాలు, నుదురు పట్టి చూసి, "మీరు ఇవాళ అంట్లు తోమకూడదు, మీ అత్తగారితో నేను చెప్తాను" అనేది. నిజంగానే వెళ్ళి చెప్పేది కూడానూ! వెంకాయమ్మ నోరెళ్ళబెట్టేది.

అలా కొన్నేళ్ళు గడిచాయి. ఇందుమతికి ఒక కొడుకు పుట్టాడు. వాడి బారసాలకి చొక్కా కుట్టింది ఎవరు? ఆఁ, మస్తాన్‌బీనే. బాగా ఊ కొడుతున్నావే హారికా, వీడే ముడుచుకుపోతున్నాడు.

ఇంతలో ఇందుమతి చేతికి మంచి ఫోను వచ్చింది. అందులో బట్టలమ్మే అంగడి ఒకటి ఉంది. అంగడంటే మెట్లెక్కి వెళ్ళేది కాదు, వేలితో తోస్తే జరిగిపోయే అంగడి. ఎంత తోసినా చివరంటూ రాదు. ఒకరోజు ధైర్యం చేసి ఒక కుర్తీకి ఆర్డరు చెప్పింది. నీలం రంగు మీద తెల్లపూలు. అది ఇంటి గుమ్మంలోకి వచ్చిపడింది. ధర చూస్తే, మస్తాన్‌బీకిచ్చే కుట్టుకూలి కంటే తక్కువ! గుడ్డా దారమూ కుట్టూ రవాణా అన్నీ కలిపి అంతే! ఇందుమతి ఆ కుర్తీ వేసుకుని వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది. ఆడవాళ్ళంతా అరుగుల మీంచి దిగొచ్చారు. ఎక్కడిదే, ఎంతే, నాకూ చెప్పవే అన్నారు.

అంతవరకూ ఆ వీధిలో ఇందుమతిని వెంకాయమ్మ కోడలనే గానీ పేరు పెట్టి పిలిచిన మనిషి లేదు. ఇప్పుడు మధ్యాహ్నమైతే అందరూ ఫోన్లు పట్టుకుని ఆవిడ అరుగు మీదకే. ఆవిడే అందరి ఫోన్లలో ఆ అంగడి పెట్టిచ్చింది, ఎలా తొయ్యాలో, ఎక్కడ నొక్కాలో ఓపిగ్గా నేర్పింది. ఆ సంబరం ఎవరికుండదు చెప్పండి? కొత్తకోడలుగా మూల కూచున్న మనిషి వీధికే పెద్దయిపోయింది.

ఇక చూడండీ, పొట్లాల మీద పొట్లాలు. నచ్చితే ఉంచుకున్నారు, నచ్చకపోతే తిప్పి పంపారు, తిప్పి పంపడం మరిచిపోతే బీరువాలో కుక్కారు, బీరువా నిండితే మంచం కింద తోశారు. నాలుగు ఉతుకులకి రంగు దిగేది, ఇంకో ఉతుక్కి కుట్టు విడేది. విడితే ఏం? చవకే కదా, ఇంకోటి చెప్పు!

పాతబట్టలకి స్టీలు గిన్నెలిచ్చే ఆవిడ ఒకతి ఆ వీధికి వచ్చేది. ఇందుమతి పెద్ద మూట తెచ్చి ముందు పడేసింది. ఆవిడ ఒక్కొక్కటీ తీసి, నలిపి చూసి, పక్కన పెట్టేసింది. ఇవి చెయ్యి తుడుచుకుందామన్నా తడి పీల్చవమ్మా, నాకొద్దు, నూలువేమైనా ఉంటే చెప్పు అనేసి బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆ మూట కాలవగట్టు మీద తగలబెట్టారు. బట్ట కాలితే బూడిదవ్వాలి కదా? ఇవి నల్లగా కరిగి నేలకంటుకున్నాయి. ఆ కంపుకి వెంకాయమ్మ దగ్గీ దగ్గీ తిట్టింది. అప్పుడైనా ఇందుమతికి ఏమైనా తట్టిందా అంటే, తట్టలేదు.

మరి మస్తాన్‌బీ ఏమైంది? అదే చెప్తున్నా.

పొద్దున టకటకా కాస్తా తగ్గింది. జాకెట్లు తగ్గాయి, గౌన్లు పూర్తిగా పోయాయి. చీరలకి ఫాల్సులూ, చిరిగినవాటికి అతుకులూ మిగిలాయి. ఒక దసరా ముందు మస్తాన్‌బీ ఇంటింటికీ తిరిగింది. ఎప్పుడూ అలా తిరిగిన మనిషి కాదు. ఇందుమతి గుమ్మంలోనూ నిలబడి, "పండక్కి కుట్టాల్సినవి ఏమైనా ఉన్నాయా అమ్మాయ్?" అని అడిగింది. ఇందుమతి ఫోను చూస్తూనే, "అయ్యో, అన్నీ వచ్చేశాయి అత్తా" అంది. అని, ఉత్తచేతుల్తో పంపడం బాగోదని ఒక కుర్తీ ఇచ్చి పొడుగు తగ్గించమంది. ఇచ్చి ఊరుకుందా? ఈ కాస్తకి అంత కూలేమిటని బేరం కూడా ఆడింది. మస్తాన్‌బీ నవ్వి, నీ ఇష్టం అమ్మాయ్ అంది. ఆ నవ్వు గుర్తుపెట్టుకోండి అని నేను చెప్పను గానీ, ఇందుమతికి మాత్రం తర్వాత చాలాకాలం గుర్తుంది.

ఆ ఏడే గౌసియా ఇంటరు ప్యాసైంది. నర్సు చదువుకి చేరాలి. చేర్చే తాహతు మస్తాన్‌బీకి ఏదీ? అప్పుడే ఊరికి ఒక వ్యాను వచ్చింది. ఎక్కడో దూరపు పట్నంలో బట్టల ఫ్యాక్టరీ, ఆడపిల్లలకి పని, ఉండటానికి హాస్టలు, కూడబెట్టుకుంటే చదువూ చదువుకోవచ్చు అని అందులో వచ్చినవాళ్ళు చెప్పారు. గౌసియా వ్యానెక్కింది. ఎక్కేముందు ఇందుమతి దగ్గరికి వచ్చి, "రెండేళ్ళేలే వదినా, వచ్చేసి నర్సింగులో చేరిపోతాను, అమ్మని చూస్తూ ఉండండి" అని చెప్పింది. ఇందుమతి దానికి అప్పడాలు వేయించి కట్టిచ్చింది.

ఊ... పడుకున్నారేమిటర్రా? లేదా? సరే.

మొదట్లో గౌసియా రోజూ ఫోను చేసేది. తర్వాత ఆదివారాలు. తర్వాత ఆదివారాలు కూడా పనే. ఆ ఫ్యాక్టరీ వాళ్ళకి ఎప్పుడూ తొందరే. ఇంకా, ఇంకా, ఇంకా అనేవాళ్ళట. లేచి మంచినీళ్ళు తాగితే వెనకబడిపోతామని పిల్లలు నీళ్ళు తాగడం మానేసేవాళ్ళట. అందులోనూ ఫోను అంగడివాళ్ళు పెద్ద సేలని పెడతారే, ఆ ముందు రోజులైతే ఇక ఊపిరి తిరగదు. ఇక్కడ ఉప్పుకొఠార్ల వీధిలో ఆడవాళ్ళు ఎప్పుడు మొదలవుతుందా అని ఎదురుచూసేది ఆ సేలు కోసమే. అక్కడ ఆ పిల్ల కళ్ళు మూతలు పడుతుంటే గిల్లుకుంటూ కూచునేదీ ఆ సేలు కోసమే. ఒకళ్ళకొకళ్ళు కనపడరు, అంతే.

అలాంటి రోజునే కునుకు పట్టి, సూది కుడిచేతి వేల్లో దిగిపోయింది. అడ్డంగా, గోరు చీల్చుకుని. గుడ్డముక్క చుట్టి మళ్ళీ మిషను ముందు కూచోబెట్టారు. వేలు వాచింది, చీము పట్టింది, చెయ్యంతా పాకింది, జ్వరం పట్టుకుంది. అప్పుడు బస్సెక్కించి పంపేశారు. మన వైపు పట్నం పెద్దాసుపత్రిలో కోసి, కడిగి, ప్రాణానికి భయం లేదన్నారు. వేలు మాత్రం ఇక వంగదన్నారు. ఆసుపత్రి ఖర్చుకి మస్తాన్‌బీ మిషను అమ్మేసింది.

ఇందుమతికి ఈ సంగతి తెలిసేసరికి గౌసియా ఇంటికొచ్చి మంచంలో ఉంది. చూడ్డానికి ఉత్తచేతుల్తో ఎలా వెళ్తాం? ఆవిడ బీరువాలో విప్పని పొట్లం ఒకటుంది, లేతగులాబీ చొక్కా. అది పట్టుకుని వెళ్ళింది. గౌసియా బక్కచిక్కిపోయి ఉంది. రెండు జడల పిల్ల కాదు, ఎవరో పెద్దమనిషిలా ఉంది. పొట్లం విప్పి ఒళ్ళో పరుచుకుంది. దాన్ని నవ్విద్దామని ఇందుమతి, "ఏమో గౌసియా, ఇది నువ్వు కుట్టిందేనేమో!" అని నవ్వబోయింది.

గౌసియా చొక్కాని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏమో వదినా. నేను చేతులే కుట్టేదాన్ని."

"అంటే?"

"కుడి చెయ్యి. అది నా ముందుకొస్తే అతికించడం, పక్కకి తోసెయ్యడం. ఎడమది ఇంకో పిల్ల. మెడ ఎవరు కుట్టేవాళ్ళో తెలీదు. పూర్తయిన చొక్కా ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూళ్ళేదు వదినా." దాన్ని కాసేపు అలాగే చూసి, "బాగుంది. ఇంత బాగుంటుందా?" అంది.

ఇందుమతి అక్కడ కూచోలేకపోయింది. పెరట్లోకి వెళ్ళింది. అక్కడ మస్తాన్‌బీ బియ్యం ఏరుకుంటోంది. ఇందుమతి ఆవిడ పక్కనే నేలమీద కూలబడి ఏడుపు లంకించుకుంది. నేనేనత్తా, ఈ వీధికి ఆ అంగడి తెచ్చింది నేనే, అందరికీ నేర్పింది నేనే, నీ మిషను ఆపింది నేనే, ఆ దసరాకి నువ్వు గుమ్మంలో నిలబడితే నేను బేరమాడాను అని ఒకటే ఏడుపు. మస్తాన్‌బీ బియ్యం చేట పక్కన పెట్టింది. తర్వాత తన కొంగు ఎత్తి చూపించింది.

"ఇదెక్కడిదనుకున్నావు? మా గౌసియా మొదటి జీతంతో పంపింది. ఆ అంగట్లోదే. అంతకంటే ఖరీదైంది కొనాలంటే దాని దగ్గర డబ్బెక్కడుంది? ఎవర్నని అనను అమ్మాయ్?"

తిట్టి ఉంటే బాగుండేదని ఇందుమతికి అనిపించింది. 

ఏదో ఒకటి చెయ్యాలని ఆవిడ గాజులు అమ్మి కొత్త మిషను కొని తెచ్చింది. వీధిలో ఆడవాళ్ళందర్నీ కూడగట్టి, ఇకనుంచి బట్టలన్నీ మస్తాన్‌బీకే ఇద్దామంది. కొందరు సరేనన్నారు, కొందరు చూద్దాంలే అన్నారు. మిషను తెచ్చి వరండాలో దించి ఎవరో ఒకసారి తొక్కి చూశారు. టకటకా అంది. అంతే, లోపల మంచం మీద గౌసియా చెవులు మూసుకుని వణికిపోయింది. వద్దమ్మా, ఆ చప్పుడు వద్దు, తీసెయ్యండి అని అరిచింది. మస్తాన్‌బీ లేచి మిషను మీద దుప్పటి కప్పేసింది. నీ మనసు మంచిదే అమ్మాయ్, గానీ ఆలస్యమైంది, తీసుకెళ్ళు అంది. ఇందుమతి ఆ మిషను మళ్ళీ రిక్షాలో ఎక్కించి తెచ్చేసుకుంది.

అయ్యో, ఏడవకే హారికా. గౌసియా బాగానే ఉందిలే తర్వాత. చెయ్యి కుదుటపడ్డాక వాళ్ళ ఊరి డాక్టరుగారి దగ్గర రోగుల్ని వరసలో పిలిచే పనికి కుదిరింది. ఆ వంగని వేలితో ఇంజెక్షను వెయ్యలేదు గానీ, వచ్చిన ముసలమ్మలకి నుదురు పట్టి ధైర్యం చెప్తుందట. మంచి పిల్లాణ్ణి చూసి పెళ్ళి చేశారు. మస్తాన్‌బీ మనవరాల్ని ఎత్తుకుంది. అందరూ చల్లగానే ఉన్నారు.

మరి ఇందుమతా? ఇప్పటికీ ఒక్కోసారి ఫోనులో ఆ అంగడి తెరుస్తుంది. తెరిచి, తోస్తూ తోస్తూ, ఏదో చొక్కా దగ్గర ఆగి, దాని కుడి చెయ్యి చూస్తుంది. చాలాసార్లు మూసేస్తుంది. ఒక్కోసారి కొంటుంది కూడా, అబద్ధమెందుకు చెప్పాలి. కొన్నది మాత్రం చిరిగితే కుట్టుకుంటుంది, వెలిస్తే ఇంట్లో వేసుకుంటుంది, ఊరికే పారెయ్యదు.

ఏమిటీ, ఇందుమతి తప్పేముందంటావా? ఎవరూ తప్పనలేదు కదరా కన్నా. అందుకే ఆవిడకి ఆ బాధ తీరలేదు. ఎవరైనా నాలుగు మాటలంటే ఏడ్చేసి ఊరుకునేది. నేను చెప్పేదల్లా ఒకటే. ఏదైనా మరీ చవగ్గా చేతికొస్తే, మిగతా ఖరీదు ఎవరు పెట్టుకున్నారో అని ఒక్క క్షణం ఆగి అడగండి. అడిగినా జవాబు తెలియకపోవచ్చు. అయినా అడగండి.

కథ కంచి బస్సెక్కేసింది. దీపం తగ్గించి, దుప్పట్లు కప్పుకుని, మనం నిద్రలోకి వెళ్ళిపోదాం.